ఆర్‌సీ విమానానికి జైరో బిగించడం ఎలా: ముందు దిశ, తర్వాతే గెయిన్

సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవాళ్లకు జైరో గురించి సగం తెలిసినట్టే. పటం గింగిరాలు కొడుతుంటే కింద గుడ్డపేలిక తోక కడతాం, కాస్త కుదురుకుంటుంది. అదే పటానికి సూత్రం వంకరగా కట్టి ఉంటే మాత్రం, మూరెడు తోక తగిలించినా ఒక పక్కకే లాక్కుపోతుంది. ఆర్‌సీ విమానంలో, అంటే రిమోట్‌తో నడిపే మోడల్ విమానంలో పెట్టే జైరో స్టెబిలైజర్ ఆ తోకలాంటిది. సూత్రం కట్టడం అంటే సీజీ (విమానం బరువు తూగే చోటు), ట్రిమ్ (స్టిక్ వదిలినా తిన్నగా పోయేలా చేసే చిన్న సవరణ), లింకేజీలు (కదిలే పట్టీలకు కట్టిన కడ్డీలు) చూసుకోవడం. ఆ పని జైరో చెయ్యదు, మీరే చెయ్యాలి.

ఇక్కడ చెప్పేదంతా మామూలు హైవింగ్ (రెక్క పైన ఉండే) ఫోమ్ ట్రైనర్ లెక్కలో చెబుతున్నాను. రెక్క పొడవు 1200 మిల్లీమీటర్లు, బ్యాటరీతో కలిపి 900 గ్రాములు, 3ఎస్ లిపో (మూడు సెల్లుల బ్యాటరీ), ఎయిలరాన్లకు (రెక్కల వెనకంచున కదిలే పట్టీలు, విమానాన్ని దొర్లించేవి) రెండు, ఎలివేటర్‌కి (తోకలో అడ్డ పట్టీ, ముక్కుని ఎత్తి దించేది) ఒకటి, రడ్డర్‌కి (తోకలో నిలువు పట్టీ, ముక్కుని పక్కకి తిప్పేది) ఒకటి, మొత్తం నాలుగు సర్వోలు, అంటే ఆ పట్టీల్ని కదిపే చిన్న మోటార్లు. జైరో విడిగా దొరికే మూడు యాక్సిస్‌ల (దొర్లడం, ముక్కెత్తడం, పక్కకి తిరగడం) రకం, అగ్గిపెట్టెంత ఉంటుంది. రిసీవర్‌లోనే (ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ అందుకునే పెట్టె) జైరో కలిసివచ్చేవి కూడా ఉన్నాయి. వాటికి వైర్ల పని తప్పుతుంది గానీ మిగతాదంతా ఇదే.

ఆ పెట్టెలోని చిప్పు విమానం సెకనుకు ఎన్ని డిగ్రీల చొప్పున తిరుగుతోందో కొలుస్తుంది. మీరు స్టిక్ కదపకుండానే తిరుగుతోందంటే అది గాలి పని అనుకుని, సర్వోని ఎదురు తిప్పుతుంది. ఎంత గట్టిగా తిప్పాలో చెప్పే సెట్టింగే గెయిన్. రేట్ మోడ్ అంటే ఇంతే. ఈ మోడ్‌లో దానికి ఆకాశం ఏదో నేల ఏదో తెలీదు, తిరగడం ఆగితే చాలు. హెడింగ్ హోల్డ్ మోడ్ ఇంకో అడుగు ముందుకెళ్తుంది, ఎంత తిరిగిందో గుర్తుపెట్టుకుని మళ్లీ పాత భంగిమకే తెస్తుంది. ఫుటాబా కంపెనీ వాళ్లు దీన్నే ఏవీసీఎస్ అంటారు. మూడోది ఆటో లెవెల్. ఇందులో యాక్సిలరోమీటర్ (నేల ఎటుందో పసిగట్టే చిప్పు) కూడా కలిసి పనిచేస్తుంది, స్టిక్ వదిలేస్తే రెక్కలు సమంగా వచ్చేస్తాయి. స్పెక్ట్రమ్ కంపెనీ రిసీవర్లలో ఏఎస్3ఎక్స్ అనేది మొదటి రకం, సేఫ్ అనేది మూడో రకం. రోజూ ఎగరేయడానికి నేను రేట్ మోడ్‌కే ఓటేస్తాను. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు జైరో లేకుండా ఎగరేయండి

కొత్త విమానంలో జైరో పెట్టేసి మొదటి ఫ్లైట్‌కే ఆన్ చేసేవాళ్లు చాలామంది. వద్దంటాను. తోక బరువున్న విమానాన్ని జైరో కాసేపు మోసుకెళ్తుంది, మీకేమో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. దిగడానికి వేగం తగ్గించగానే ఎలివేటర్‌కి పట్టు పోతుంది, అసలు రంగు అప్పుడు బయటపడుతుంది.

సీజీ రెక్క వెడల్పులో ముందంచు నుంచి 25, 30 శాతం మధ్య ఉండాలి. వెడల్పు 200 మిల్లీమీటర్లయితే 50 నుంచి 60 మిల్లీమీటర్ల దగ్గరన్నమాట. బ్యాటరీ పెట్టి, రెక్క కింద రెండు వేళ్లు ఆనించి ఎత్తండి. ముక్కు కొద్దిగా కిందికి వాలితే నిశ్చింత.

తర్వాత లింకేజీ చూడండి. పవర్ ఇచ్చి ఎయిలరాన్ వెనకంచుని వేలితో పైకీ కిందికీ కదపండి. సర్వో కదలకుండానే అంచు 2 మిల్లీమీటర్లు ఆడుతోందంటే జైరో సంగతి మరిచిపోండి. అది పంపే సన్న సన్న సవరణలన్నీ ఆ వదులులోనే మాయమైపోతాయి. అందుకని అది ఇంకాస్త తోస్తుంది, ఈసారి ఎక్కువైపోతుంది, వెనక్కి లాగుతుంది, అలా ఊగులాట మొదలవుతుంది. పుష్‌రాడ్‌ని (లింకేజీ కడ్డీని) సర్వో ఆర్మ్ మీద లోపలి రంధ్రానికీ, హార్న్ (పట్టీకి బిగించిన చిన్న కొమ్ము) మీద బయటి రంధ్రానికీ మారిస్తే ఆ వదులు బాగా తగ్గుతుంది. అరిగిపోయిన హార్న్ చవక వస్తువు, కొత్తది వేసేయండి.

ఇప్పుడు ఎగరేసి ట్రిమ్ చెయ్యండి. చేతులు వదిలేస్తే తిన్నగా వెళ్లేదాకా చేసి దింపండి. ట్రిమ్ వల్ల ఎలివేటర్ 1 మిల్లీమీటర్ పైకి లేచి ఉందనుకోండి, క్లెవిస్ (కడ్డీ చివరి క్లిప్పు) తిప్పి అదే ఎత్తుని లింకేజీలో తెచ్చుకుని, ట్రాన్స్‌మిటర్‌లో ట్రిమ్‌ని సున్నాకి పెట్టేయండి. ఇది చాదస్తం కాదు. స్టిక్ నడిమధ్యలో ఉందా లేదా అన్నదాన్ని బట్టే మీరు తిప్పమంటున్నారో లేదో జైరో తేల్చుకుంటుంది. హెడింగ్ హోల్డ్‌లో రెండు క్లిక్కుల ట్రిమ్ మిగిలి ఉన్నా ‘మెల్లగా తిప్పుతూనే ఉండు’ అనే ఆజ్ఞలాగే తీసుకుంటుంది.

అంటించే చోటు

సీజీకి దగ్గర్లో, రెక్క కింద గదిలో, గట్టిగా ఉన్న చదునైన చోటు చూసుకోండి. సీజీకి రెండు మూడు అంగుళాలు అటూఇటూ అయినా కొంప మునగదు, ఎందుకంటే తిరిగే వేగం విమానంలో ఎక్కడ కొలిచినా ఒకటే. వంకరగా అంటిస్తేనే ముప్పు. పెట్టె అంచు ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) పక్కగోడకి సమాంతరంగా ఉండాలి. అది 10 డిగ్రీలు పక్కకి తిరిగి ఉంటే, విమానం దొర్లినప్పుడు ముక్కు కూడా లేచినట్టు దానికి తోచి అక్కర్లేని ఎలివేటర్ ఇస్తుంది.

1 నుంచి 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫోమ్ డబుల్ సైడెడ్ టేపు వాడండి. వెల్క్రో వద్దు, ఎండలో జారుతుంది. అంటించే చోట ముందు స్పిరిట్‌తో తుడవండి. మోటారు మౌంటుకి, ఈఎస్‌సీకి (మోటారు వేగాన్ని నడిపే పెట్టె) దూరంగా ఉంచండి. వైర్లు బిగుతుగా లాగి కడితే మోటారు అదురు వాటి వెంటే పెట్టెలోకి చేరుతుంది, అందుకని కొంచెం వదులు ఉంచండి. ప్రాప్ (మోటారు తిప్పే పంకా) బ్యాలెన్స్ చెయ్యకపోతే ఎంత మంచి టేపయినా దండగే.

వైర్లు

రిసీవర్‌లోని ఎయిలరాన్, ఎలివేటర్, రడ్డర్ ఛానళ్ల నుంచి జైరో ఇన్‌పుట్‌కి, జైరో అవుట్‌పుట్ నుంచి సర్వోలకి. ఈఎస్‌సీ థ్రాటిల్ వైరు నేరుగా రిసీవర్‌కే పెట్టండి. ఎయిలరాన్లకి వై కేబుల్ కాకుండా రెండు విడి అవుట్‌పుట్లు ఉంటే అవే వాడండి. ఇంకొక ఛానల్, మామూలుగా ఐదోది, మోడ్ మార్చడానికి. ముక్కు చక్రాన్ని రడ్డర్‌తో కలిపి తిప్పే విమానమైతే, చక్రం సర్వోని జైరో గుండా పోనివ్వకండి. రిసీవర్‌లో వేరే ఛానల్‌కి పెట్టి ట్రాన్స్‌మిటర్‌లో రడ్డర్‌తో మిక్స్ చేసుకోండి. గాలి కోసం చేసే సవరణలు నేల మీద చక్రానికి అందితే, విమానం తాగినవాడిలా నడుస్తుంది.

ఎలివాన్, వీ టెయిల్ (ఒకే పట్టీ రెండు పనులు చేసే విమానాలు) మిక్సింగులు ట్రాన్స్‌మిటర్‌లో తీసేసి జైరోలో పెట్టాలి. ముందే కలిపేసి పంపితే ఏది దొర్లడమో ఏది ముక్కెత్తడమో దానికి విడదీయడం రాదు. ఎక్స్‌పో, డ్యూయల్ రేట్లు (స్టిక్ ఎంత కదిపితే పట్టీ ఎంత కదలాలో మార్చే సెట్టింగులు) మాత్రం ట్రాన్స్‌మిటర్‌లోనే ఉండొచ్చు.

కరెంటు సంగతి చాలామంది పట్టించుకోరు. జైరో ఉంటే నాలుగు సర్వోలూ ఫ్లైట్ పొడుగునా పనిచేస్తూనే ఉంటాయి. చవక ఈఎస్‌సీల్లో ఉండే లీనియర్ బీఈసీ (రిసీవర్‌కీ సర్వోలకీ కరెంటు ఇచ్చే భాగం), నిండా ఛార్జైన 3ఎస్ ఇచ్చే 12.6 వోల్టులని 5కి దించాలంటే, సర్వోలు 1 ఆంపియర్ లాగినప్పుడు ఏడు వాట్లకు పైగా వేడి కక్కాలి. మన మే నెల ఎండలో ఫోమ్ పొట్టలో అది మాడిపోవడం ఎంతసేపు? 3 ఆంపియర్ల స్విచింగ్ బీఈసీ విడిగా పెట్టుకుంటే ఆ దిగులుండదు. అప్పుడు ఈఎస్‌సీ వైరులో ఎర్ర తీగని పిన్ను నుంచి లాగి, టేపు చుట్టి పక్కన పెట్టండి.

ఇంకొకటి, జైరో సెట్టింగుల్లో సర్వో ఫ్రీక్వెన్సీ ఉంటుంది. అనలాగ్ సర్వోలైతే 50 హెర్ట్జ్ దగ్గరే ఉంచండి. వేగంగా స్పందిస్తుందని 300 పైకి పెంచితే అనలాగ్ సర్వో నిమిషాల్లో కాలి వాసన కొడుతుంది.

ట్రాన్స్‌మిటర్‌లో

సబ్‌ట్రిమ్‌లు (సర్వో నడిమధ్యని జరిపే సెట్టింగు) సున్నా, ట్రావెల్ (సర్వో ఎంతవరకు తిరగాలో) 100 శాతం. మోడ్ ఛానల్‌ని మూడు స్థానాల స్విచ్‌కి ఇవ్వండి. ఒక స్థానంలో జైరో ఆఫ్, ఒకదాంట్లో రేట్, మూడోదాంట్లో మీ ఇష్టం. ఏ స్థానానికి ఏ మోడో ఒక్కో జైరోకి ఒక్కోలా ఉంటుంది, దాంతో వచ్చిన కాగితం చూసుకోండి. ఆఫ్ స్థానం మాత్రం తప్పనిసరిగా ఉండాలి. అదీ ఎడమచేతి వేలు చూడకుండా చేరే స్విచ్ మీద ఉండాలి.

ఇప్పుడు స్టిక్కుల దిశ సరిచూడండి. కుడికి తోస్తే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి, ఎలివేటర్ స్టిక్ మీవైపు లాగితే ఎలివేటర్ పైకి, రడ్డర్ కుడికంటే కుడికి. తప్పుంటే ట్రాన్స్‌మిటర్‌లో రివర్స్ చెయ్యండి. సర్వో చివరికంటా వెళ్లి గీపెడుతుంటే జైరోలోనే ట్రావెల్ లిమిట్ తగ్గించండి. జైరో తానుగా తోసేటప్పుడు ట్రాన్స్‌మిటర్‌లో మీరు పెట్టిన హద్దులు దానికి పట్టవు.

పవర్ ఇచ్చినప్పుడు

బ్యాటరీ తగిలించాక మొదటి కొన్ని సెకన్లు జైరో తన సున్నాని వెతుక్కుంటుంది. అప్పుడు విమానం కదలకూడదు, స్టిక్కులు నడిమధ్యలో ఉండాలి. చేత్తో పట్టుకుని బ్యాటరీ పెట్టడం, కారు డిక్కీ మీద ఊగుతుండగా పెట్టడం, గాలికి రెక్క ఊగుతుండగా పెట్టడం, ఇవన్నీ వద్దు. నేల మీద ఉంచి, బ్యాటరీ తగిలించి, చెయ్యి వెనక్కి తీసుకోండి. లైటు నిలకడగా వెలిగాకే మూత వెయ్యండి. ఎండలో నిలిపిన కారులోంచి విమానాన్ని దించగానే కూడా పవర్ ఇవ్వకండి. ఆ చిప్పుల సున్నా వేడికి పక్కకి జరిగిపోతుంది. నీడలో పదినిమిషాలు ఉంచండి.

ఆటో లెవెల్ వాడేవాళ్లు ‘సమం’ అంటే ఏమిటో దానికి ఒకసారి నేర్పాలి. తోక చక్రం ఉన్న విమానం నేల మీద ముక్కెత్తి కూర్చుంటుంది కదా, అదే సమం అని నేర్పితే గాల్లో కూడా అలాగే ముక్కెత్తుకుని పోయి స్టాల్ అవుతుంది, అంటే రెక్కకి గాలి పట్టు పోయి పడిపోతుంది. తోక కింద పుస్తకాలు పెట్టి, విమానం గాల్లో మామూలుగా ఎగిరే భంగిమకు తెచ్చాకే క్యాలిబ్రేషన్ బటన్ నొక్కండి.

దిశ పరీక్ష

ఇంతవరకు చేసిన తప్పులు విమానాన్ని సతాయిస్తాయి. ఇక్కడ చేసిన తప్పు విమానాన్ని చంపుతుంది. జైరో దిశ తిరగబడితే గాలి కొంచెం తోసినదాన్ని అది ఇంకా తోస్తుంది, ఆ తోసినదాన్ని మళ్లీ ఇంకా తోస్తుంది.

ప్రాప్ విప్పేయండి. గెయిన్ పూర్తిగా పెంచండి, కదలిక కంటికి ఆనడానికే. రేట్ మోడ్‌లో పెట్టి, విమానాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, తోక మీవైపు ఉండేలా నిలబడండి. మూడు కదలికలకీ సూత్రం ఒక్కటే: మీరు విమానంలో ఏ భాగాన్ని ఎటు కదిపితే, ఆ భాగం మీదున్న కదిలే పట్టీ కూడా అటే పోవాలి.

కుడి రెక్కని చురుగ్గా కిందికి వంచండి. కుడి ఎయిలరాన్ కిందికి, ఎడమది పైకి పోవాలి. తోకని పైకి ఎత్తండి, అంటే ముక్కు కిందికి. ఎలివేటర్ పైకి పోవాలి. తోకని కుడికి ఊపండి, ముక్కు ఎడమకి తిరుగుతుంది. రడ్డర్ కుడికి పోవాలి. మెల్లగా వంచితే ఏమీ కనపడదు, అది కొలిచేది వేగాన్ని. మీరు ఆపగానే పట్టీ మధ్యకి వచ్చేస్తే రేట్ మోడ్ సరిగ్గా ఉన్నట్టు. అక్కడే నిలిచిపోతే మీరున్నది హెడింగ్ హోల్డ్‌లోనో ఆటో లెవెల్‌లోనో.

ఏదైనా తిరగబడి ఉంటే జైరోలోనే ఆ యాక్సిస్‌ని రివర్స్ చెయ్యండి. ట్రాన్స్‌మిటర్‌లో రివర్స్ చేశారంటే స్టిక్ తిరగబడుతుంది గానీ జైరో దిశ అలాగే ఉంటుంది, ఇప్పుడు రెండూ తప్పే.

మూడూ చూడండి అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నేను ఒకటే చూసి ఒక విమానం పోగొట్టుకున్నాను. పెద్ద బ్యాటరీకి చోటు చాలక, జైరోని ఊడదీసి ఫ్యూజిలాజ్ పైకప్పుకి లోపలివైపు తలకిందులుగా అంటించాను. బాణం గుర్తు ముందుకే ఉంది. ఎండిన చెరువులో సాయంత్రం, వెలుతురు పోతోంది, రెక్క ఒకసారి అటూఇటూ ఊపి చూశాను. ఎయిలరాన్లు బ్రహ్మాండంగా ఎదురు తిరిగాయి. పక్కూరి కుర్రాడు విమానం పట్టుకుని, “అన్నా, వదలాల్నా?” అన్నాడు. “వదులు” అన్నాను. పది అడుగులు లేవగానే ముక్కు ఎత్తింది, స్టిక్ ముందుకు తోశాను, ఈసారి డైవ్‌లోకి దూకింది. ఆఫ్ స్విచ్ పెట్టుకోలేదు, జైరో ఎప్పుడూ ఆన్‌లోనే. మోటారు షాఫ్ట్ దాకా ముక్కు మట్టిలో దిగబడింది.

ఇంటికొచ్చి ఆలోచిస్తే లెక్క తేలింది. ముందు నుంచి వెనక్కి పోయే గీత చుట్టూ పెట్టెని తలకిందులు చేస్తే దొర్లడం దిశ మారదు. మారేవి మిగతా రెండూ, ముక్కెత్తడం, పక్కకి తిరగడం. అంటే నేను పరీక్షించిన ఒక్కటే సరిగ్గా ఉండగలిగినది. తలకిందులుగా అంటించొచ్చు, తప్పేం లేదు. ఆ మౌంటింగ్ అని సెట్టింగుల్లో చెప్పి, మళ్లీ మూడూ చూడాలి. ఇప్పుడు నా పెట్టెలన్నిటి మీదా మార్కర్‌తో ‘పైకి’ అని రాసి ఉంటుంది.

మైదానంలో, గెయిన్ పెంచడం

వెళ్లేముందు ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాపులో (ఎక్కడ ఎగరేయొచ్చో చూపేది) మీ చోటు చూసుకోండి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) ఎక్కువలో ఎక్కువ 400 అడుగుల ఎత్తు వరకే. హైదరాబాద్ ఉత్తరాన ఉండేవాళ్లు మరీ జాగ్రత్త, దుండిగల్, హకీంపేట రెండూ వైమానిక దళం ఎయిర్‌ఫీల్డులే.

ప్రాప్ బిగించి రేంజ్ చెక్ చెయ్యండి. ఫెయిల్‌సేఫ్‌లో, అంటే సిగ్నల్ పోయినప్పుడు, థ్రాటిల్ సున్నా అవుతోందో లేదో చూడండి. మళ్లీ ఒకసారి మూడు దిశలూ చూడండి. గెయిన్లు మూడూ 30 శాతానికి దించండి. పొద్దున్నే గాలి లేనప్పుడు, జైరో ఆఫ్‌లో ఉంచి లేపండి. 150 అడుగుల పైకి చేరి, తిన్నగా సగం థ్రాటిల్‌లో పోతుండగా స్విచ్ రేట్‌కి వెయ్యండి. వేలు స్విచ్ మీదే ఉంచండి. తేడాగా అనిపిస్తే ఆలోచించకుండా ఆఫ్.

ఏమీ కాకపోతే థ్రాటిల్ పూర్తిగా ఇచ్చి ఒక పాస్ చెయ్యండి. గెయిన్ పరీక్షించాల్సింది వేగంలోనే. వేగం రెండింతలైతే అదే ఎయిలరాన్ కదలికకి బలం నాలుగింతలవుతుంది. అందుకే నెమ్మదిగా పోయేటప్పుడు బుద్ధిగా ఉన్న గెయిన్, వేగంలో రెక్కల్ని గజగజా వణికిస్తుంది. నీళ్లలో తడిసిన కుక్క ఒళ్లు విదిలించినట్టు ఉంటుంది, ఒకసారి చూస్తే మళ్లీ పోల్చుకోలేకపోవడం ఉండదు. అది కనపడగానే థ్రాటిల్ తగ్గించి ఆఫ్ చెయ్యండి. వణుకుతూ వదిలేస్తే సర్వో గేర్లు పోతాయి.

దింపండి, ఒక యాక్సిస్‌ని 5 శాతం పెంచండి, మళ్లీ లేపండి. మూడూ ఒకేసారి పెంచితే వణికింది ఏదో తెలీదు. ఎయిలరాన్ 50 దగ్గర వణికితే 40కి దించి వదిలేయండి. మామూలుగా ముందు అలిగేది ఎయిలరానే, రడ్డర్ ఎక్కువ గెయిన్‌ని ఓర్చుకుంటుంది. ఓపిక లేకపోతే మూడూ 35 దగ్గర ఆపేసినా ట్రైనర్‌కి సరిపోతుంది. నేల మీద మోటారు తిప్పినప్పుడే పట్టీలు చిరచిరలాడుతుంటే మాత్రం అది గెయిన్ తప్పు కాదు, ప్రాప్ బ్యాలెన్స్ లేదా టేపు.

దిగేటప్పుడు

గాలి ఉన్న సాయంత్రం జైరో విలువ తెలిసేది ఇక్కడే. రేట్ మోడ్‌లో విమానం పట్టాలమీద వచ్చినట్టు వస్తుంది. మీరు చూసుకోవాల్సింది వేగం ఒక్కటే, ఎందుకంటే స్టాల్‌కి ముందు రెక్క తూలడం, ముక్కు బరువెక్కడం లాంటి హెచ్చరికల్ని జైరో కప్పిపెడుతుంది. అందుకని మామూలు కంటే కొంచెం ఎక్కువ థ్రాటిల్ ఉంచుకుని రండి.

హెడింగ్ హోల్డ్‌తో దిగడం నాకు సుతరామూ ఇష్టం లేదు. వేగం తగ్గి ముక్కు సహజంగా వాలుతుంటే, అది ఒప్పుకోదు. ఎలివేటర్ పైకి లాగుతూ పాత కోణంలోనే పట్టుకుంటుంది, చివరికి ఒక రెక్క టపీమని పడిపోతుంది. నేల మీద టాక్సీ చేస్తున్నప్పుడు కూడా తిరిగిన ప్రతి మలుపునీ వెనక్కి తిప్పాలని చూస్తూ, రడ్డర్‌ని ఒక పక్కకి తోసి కూర్చుంటుంది. నైఫ్ ఎడ్జ్ (రెక్కలు నిలువుగా పెట్టి ఎగరడం) లాంటి విన్యాసాలకి అది బాగుంటుంది, పైన ఆడుకుని రేట్‌లోకి వచ్చి దింపండి. ఆటో లెవెల్‌ని నేర్చుకునేవాళ్ల కోసం మూడో స్థానంలో ఉంచండి. విమానం ఎటు తిరిగిందో అర్థం కానప్పుడు స్విచ్ వేసి స్టిక్కులు వదిలేస్తే రెక్కలు సమమవుతాయి. థ్రాటిల్ మాత్రం అది ఇవ్వదు, ఎత్తు పోకుండా మీరే ఇవ్వాలి.